ఉప్పల్ నుంచి ఒక అభిమాని డైరీ, 2025

మార్చి 23, ఆదివారం

మధ్యాహ్నం మూడున్నరకు సన్‌రైజర్స్ ఐపీఎల్ మ్యాచ్. ఉప్పల్ మెట్రో మెట్లు దిగేసరికే రోడ్డంతా నారింజ రంగు. ఫుట్‌పాత్ మీద తాడు కట్టి జెర్సీలు వేలాడదీశారు. "రెండొందల యాభై అన్నా, లాస్ట్ రేట్" అంటూ వెంటపడ్డాడు ఒక కుర్రాడు. చేతిలోకి తీసుకుని చూశా. నాది ఫ్లెక్సీల షాపు కాబట్టి దేన్ని చూసినా ముందు రంగే కనిపిస్తుంది. అసలు జెర్సీ నారింజలో ఎరుపు పాలు కాస్త ఎక్కువ. దీంట్లో పసుపు ఎక్కింది. ఛాతీ మీద గద్ద ముక్కు కుట్టులోకి పోయి సగమే కనిపిస్తోంది. స్పాన్సర్ పేరులో ఒక అక్షరం ఎగిరిపోయింది.

అయినా నేను అక్కడ నిలబడ్డ కాసేపట్లోనే బేరాలు చకచకా అయిపోయాయి. ఒక తండ్రి తనకూ ఇద్దరు పిల్లలకూ తీసుకుని, అక్కడే చొక్కాల మీద తొడిగేసి గేటు వైపు నడిచాడు. కంపెనీ జెర్సీలే మూడు కొనాలంటే ఆ ఇంటికి ఇంకో మ్యాచ్ టికెట్ల ఖర్చు. దీన్ని నకిలీ అని తీసిపారేయడానికి నాకు మనసొప్పదు. ఆ రంగు ఒంటి మీద వేసుకోవాలని ముచ్చటపడే మామూలు మనిషికి అందే ధరలో ఫ్రాంచైజీ ఏమీ ఇవ్వలేదు. ఫుట్‌పాత్ కుర్రాడు ఇచ్చాడు.

ఇషాన్ కిషన్ 47 బంతుల్లో 106 నాటౌట్. జట్టు 286. పోయిన ఏడాది బెంగళూరులో కొట్టిన 287 రికార్డుకు ఒక్క పరుగు తక్కువ. గొంతు పోయింది.

మార్చి 25, మంగళవారం

షాపులో కరెంటు పోయి మెషిన్ ఆగింది. ఖాళీగా కూర్చుని కాగితం మీద ఐపీఎల్ లెక్క వేశా.

2017లో ఐదేళ్ల ప్రసార హక్కులు 16,347.5 కోట్లకు పోయాయి. 2022లో, తర్వాతి ఐదేళ్లకు 48,390 కోట్లు. దాదాపు మూడింతలు. అందులో దేశంలో టీవీ హక్కులకు 23,575 కోట్లయితే, ఫోన్లలో చూపించే హక్కులకు 20,500 కోట్లు. అంటే నా అరచేతిలోని తెర మా హాల్లో టీవీకి ఇంచుమించు సమానమైపోయింది. అప్పుడు అనుకున్న 410 మ్యాచ్‌లతో భాగిస్తే మ్యాచ్‌కు 118 కోట్లు. రెండు ఇన్నింగ్స్‌కూ కలిపి 240 బంతులు. బంతికి సుమారు 49 లక్షలు. వైడ్లు, నోబాల్స్ ఇందులో కలపలేదు.

ఈ డబ్బులో పెద్ద వాటా ఫ్రాంచైజీలకు పంచుతారు. ఉప్పల్‌లో ఒక్క టికెట్ తెగకముందే జట్టు ఖర్చులు చాలామటుకు తేలిపోయి ఉంటాయన్నమాట. గ్యాలరీలో మంచినీళ్ల కోసం ఎందుకంత తోపులాట, బాత్‌రూమ్‌లు ఎందుకలా ఉంటాయి అని ఏళ్ల తరబడి తిట్టుకున్నాం. జవాబు ఈ భాగహారంలో ఉంది. వ్యాపారానికి అసలు కొనుగోలుదారు మనం కాదు, తెర ముందున్నవాళ్లకు సబ్బులూ కార్లూ అమ్ముకునే కంపెనీలు. స్టేడియంలో మనం ఆ బొమ్మకు వెనక తెర.

కానీ ఆ వెనక తెర లేకుండా బొమ్మ నిలవదు. 2020లో యూఏఈలో ఖాళీ స్టేడియాల్లో ఆడినప్పుడు ప్రసారంలో రికార్డు చేసిన జనం కేకలు వేశారు. మన అరుపు లేకపోతే ఆట పేలవంగా ఉంటుందని వాళ్లకు మనకంటే బాగా తెలుసు. మరి దానికి లెక్కలో విలువ ఎక్కడ?

మార్చి 28, శుక్రవారం

'రాబిన్‌హుడ్' విడుదల. డేవిడ్ వార్నర్ తెర మీద కనిపించేది కాసేపే. థియేటర్లో లేచిన కేక మాత్రం హీరోకు పడేంత ఉంది.

2016లో కప్పు తెచ్చిన కెప్టెన్ అతను, నిజమే. కానీ మా ఇంట్లో అమ్మ కూడా అతన్ని గుర్తుపట్టడం 2020 ఏప్రిల్ చివర్లో మొదలైంది. లాక్‌డౌన్. అందరం ఇళ్లలో బిక్కుబిక్కుమంటున్న రోజులు. ఆస్ట్రేలియాలో తన ఇంట్లో భార్యతో కలిసి 'బుట్టబొమ్మ'కు స్టెప్పులేసి టిక్‌టాక్‌లో పెట్టాడు. ఏజెన్సీవాళ్లు రాసిచ్చిన ప్రచారమైతే మనకు ఇట్టే తెలిసిపోతుంది. ఇది అలా లేదు. మన పాట విని ముచ్చటపడి ఎగిరిన మనిషిలా ఉన్నాడు. రెండు నెలలకు టిక్‌టాక్ మన దేశంలో నిషేధమైంది. అతను ఆగలేదు. ఇన్‌స్టాగ్రామ్‌లో మన హీరోల మొహం మీద తన మొహం అతికించి వీడియోలు పెడుతూ పోయాడు.

2021 మే 1న కెప్టెన్సీ తీసేశారు. తర్వాత తుది జట్టులోంచి, ఆ తర్వాత డగౌట్‌లోంచి కూడా. చివరికి స్టాండ్స్‌లో నిలబడి జట్టు జెండా ఊపుతూ కనిపించాడు. జట్టు పేజీల కింద వేలమంది అడిగారు, ఎందుకని. అభిమానులకు సరైన జవాబు రాలేదు. జట్టు మార్కెటింగ్ మనుషులు ఎంత ఖర్చు పెట్టినా తేలేని బంధాన్ని ఒక ఆటగాడు తన ఫోన్‌తో తెచ్చిపెట్టాడు. దాన్ని వాళ్లు చేజేతులా వదులుకున్నారు. నాలుగేళ్ల తర్వాత కూడా తెలుగు సినిమాకు అతని మొహం పనికొచ్చింది. నాకిది ఇవాళ్టికీ బాధే.

మార్చి 30, ఉగాది

పచ్చడి తిని టీవీ ముందు కూర్చున్నాం. విశాఖలో మ్యాచ్, సన్‌రైజర్స్ మీద ఢిల్లీ క్యాపిటల్స్. సొంత జట్టు ఢిల్లీ, బయటి జట్టు హైదరాబాద్! విశాఖను ఢిల్లీ తన రెండో ఇల్లుగా పెట్టుకుంది. ఆ జట్టులో భాగస్వామి జీఎంఆర్. రాజాం నుంచి ఎదిగిన తెలుగు సంస్థ. హైదరాబాద్ జట్టు చెన్నై సన్ గ్రూపుది. డబ్బుకు ఊరు ఉండదు, సరే. కానీ ఇవాళ స్టాండ్స్‌లో విశాఖ జనం నారింజా నీలమూ కలిసి తొడుక్కుని, రెండు వైపులా అరిచారు. ఉత్తరాంధ్ర కుర్రాడు ఏ జట్టును తనదనుకోవాలి? ఆ ఊరివాడైన నితీశ్ కుమార్ రెడ్డి బయటి జట్టులో ఆడుతున్నాడు. మెల్‌బోర్న్‌లో టెస్టు సెంచరీ కొట్టి మూడు నెలలే అయింది.

ఏడు వికెట్లతో ఓడాం. స్టార్క్‌కు ఐదు వికెట్లు.

ఏప్రిల్ 6, శ్రీరామనవమి

ఉప్పల్‌లో మనల్ని హైదరాబాదీయే ఓడించాడు. సిరాజ్ 4 ఓవర్లు, 17 పరుగులు, 4 వికెట్లు. గుజరాత్ టైటాన్స్ జెర్సీలో.

ఫస్ట్ లాన్సర్ గల్లీల్లో ఆడి పెరిగినవాడు. ఆటో నడిపిన తండ్రి కొడుకు. 2017లో 2.6 కోట్లు పెట్టి ఇతన్ని తెచ్చుకున్నది సన్‌రైజర్సే, మరుసటి ఏడాది బెంగళూరుకు వదిలేసింది. ఇప్పుడు గుజరాత్ 12.25 కోట్లు పెట్టింది. తిలక్ వర్మ ముంబైకి ఆడతాడు. అంబటి రాయుడు ముంబైకీ చెన్నైకీ ఆడి కప్పుల మీద కప్పులు ఎత్తాడు. 2021 వేలం అయ్యాక ఒక ఎమ్మెల్యే, పేరులో హైదరాబాద్ ఉంది, జట్టులో హైదరాబాదీ లేడేంటని బహిరంగంగానే కోపగించారు. అప్పుడు చాలామంది రాజకీయమని నవ్వేశారు. నాకు ఆ ప్రశ్న న్యాయంగానే తోచింది. వేలంలో ఎవరు ఎవరికి దక్కుతారో చెప్పలేం, ఒప్పుకుంటా. కానీ బ్రాండ్ అనేది మనుషుల జ్ఞాపకాల మీద నిలబడుతుంది. మా గల్లీ కుర్రాడు ఒక్కడు పదకొండులో ఉంటే వచ్చే జ్ఞాపకాన్ని ఏ ప్రకటనా కొనిపెట్టలేదు.

సిరాజ్ వికెట్ తీసినప్పుడు నా చుట్టూ నారింజ జెర్సీలవాళ్లే చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

ఏప్రిల్ 13, ఆదివారం

నిన్న రాత్రి ఇంకా కళ్లలోనే ఉంది. పంజాబ్ 245 కొట్టింది. అభిషేక్ శర్మ 55 బంతుల్లో 141. ఐపీఎల్‌లో భారత ఆటగాడి అత్యధిక స్కోరు. వంద దాటగానే జేబులోంచి కాగితం ముక్క తీసి గాల్లోకి ఎత్తాడు. ఈ సెంచరీ ఆరెంజ్ ఆర్మీకి అని చేతిరాత. వరుసగా నాలుగు ఓడిపోయి తలలు వంచుకుని కూర్చున్న జనానికి ఆ కాగితం ఎంతిచ్చిందో చెప్పలేను. పక్కనున్న పెద్దాయన కళ్లు తుడుచుకున్నారు. లోగో లేదు, స్పాన్సర్ లేడు, హ్యాష్‌ట్యాగ్ లేదు. చిన్న తెల్ల కాగితం, పెన్ను గీతలు.

ఇవాళ పొద్దున్నే షాపుకు ఒక ప్రైవేటు స్కూలు ఆయన వచ్చారు. పది బై ఆరు ఫ్లెక్సీ కావాలట. అభిషేక్ ఆ కాగితం ఎత్తిన ఫొటో, కింద "మా స్కూల్‌లో అడ్మిషన్లు జరుగుచున్నవి", ఫోన్ నంబరు. ఆటగాడి ఫొటో అలా వాడకూడదండీ అన్నాను. "అందరూ వేస్తలేరా తమ్మీ? శుభాకాంక్షలే గదా" అన్నారు. నేను ప్రింట్ కొట్టలేదు. ఆయన పక్క షాపులో కొట్టించుకుని ఉంటారు.

ఏప్రిల్ 18, శుక్రవారం

మా బావతో ఫోన్‌లో పాత ఐపీఎల్ ముచ్చట్లు. సిక్సర్ కొడితే "డీఎల్‌ఎఫ్ మ్యాక్సిమమ్", క్యాచ్ పడితే "కార్బన్ కమాల్ క్యాచ్", ఇంకేదైనా బాగా జరిగితే "సిటీ మూమెంట్ ఆఫ్ సక్సెస్". కామెంటేటర్లు నోరు తిరగకపోయినా ప్రతిసారీ అనాల్సిందే. బావకు అప్పటి స్కోర్లు ఒక్కటీ గుర్తులేవు, ఈ మూడు పేర్లూ వరసగా చెప్పేశాడు. కంపెనీలు ఎందుకు అంత పోస్తాయో అర్థమైంది.

2009లో దక్షిణాఫ్రికాలో ఆడినప్పుడు 'స్ట్రాటజిక్ టైమౌట్' తెచ్చారు. అప్పట్లో ఏకంగా ఏడున్నర నిమిషాలు. ఇప్పుడు రెండున్నర నిమిషాల చొప్పున ఇన్నింగ్స్‌కు రెండు. వ్యూహం సంగతేమో కానీ చాలా వికెట్లు ఆ విరామం అయిన వెంటనే పడతాయని స్టేడియంకు వెళ్లే ప్రతివాడూ చెబుతాడు. ఊపు తెగిపోతుంది. ఆట లయను కోసి ప్రకటనకు చోటివ్వడం నాకు ఎప్పటికీ మింగుడుపడదు.

అన్నీ చెడ్డవని అనను. 2023 ప్లేఆఫ్స్‌లో డాట్ బంతి పడ్డప్పుడల్లా స్కోరులో చిన్న చెట్టు బొమ్మ వచ్చేది. ఒక్కో డాట్‌కు 500 మొక్కలు నాటతామన్నారు. బౌలర్లకు ఎవరూ చప్పట్లు కొట్టని ఆటలో డాట్ బంతికి ఒక విలువ వచ్చింది. మా అమ్మాయి చెట్లు లెక్కపెడుతూ చూసింది.

ఇంకొకటి. 2018లో స్టార్‌వాళ్లు తెలుగు వ్యాఖ్యానం మొదలుపెట్టారు, ఆ డిసెంబర్‌లో తెలుగు క్రీడా ఛానెలే పెట్టారు. వ్యాపారం కోసమే పెట్టారు. కానీ మా అమ్మ ఫీల్డింగ్ మోహరింపు గురించి మాట్లాడటం అప్పుడే మొదలైంది. మార్కెట్ కోసం చేసిన పని అయినా మా ఇంటికి మేలు జరిగింది, అది రాసుకోవాలి.

ఏప్రిల్ 23, బుధవారం

పహల్గామ్ ఉగ్రదాడి వార్త నిన్నటిది. ఇవాళ ఉప్పల్‌లో ఆటకు ముందు మౌనం. ఆటగాళ్ల చేతులకు నల్ల పట్టీలు. చీర్‌లీడర్లు లేరు, టపాసులు లేవు. ముంబై గెలిచింది. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

ఏప్రిల్ 25, శుక్రవారం

చెపాక్‌లో చెన్నైని మొదటిసారి ఓడించాం! ఫోన్‌లో చూశా. 299 రీఛార్జ్‌తో జియోహాట్‌స్టార్ 90 రోజులు ఉచితం కాబట్టి షాపులో అందరి ఫోన్లలోనూ అదే. తెర మూలన ఎంతమంది చూస్తున్నారో సంఖ్య తిరుగుతూ ఉంటుంది. ధోనీ ప్యాడ్లు కట్టుకుంటే చాలు, పరిగెడుతుంది. 2023 ప్రపంచకప్ ఫైనల్‌ను హాట్‌స్టార్‌లో ఒకే సమయంలో 5.9 కోట్ల మంది చూశారు. ఆ రాత్రి ఓడిపోయి ఏడ్చినవాళ్లలో నేనొకణ్ని. ఆ సంఖ్య తర్వాత ప్రకటనల ధరలు మాట్లాడుకునే సమావేశాల్లో గర్వంగా చెప్పుకునే అంకె అయింది.

ఉచితమన్నది ఉచితం కాదు. నా నంబరు, నేను ఏ ఓవర్‌లో చూడటం మొదలుపెట్టానో, ఎప్పుడు ఆపేశానో, ఏ ప్రకటన మీద వేలు పెట్టానో, అన్నీ వాళ్ల దగ్గర ఉంటాయి. ఇది భయపడాల్సిన విషయమని అనడం లేదు. ధర ఏమిటో తెలిసి కొనుక్కోవాలి, అంతే.

మే 5, సోమవారం

ఢిల్లీ 133 కొట్టింది, తర్వాత వాన. మన బ్యాటింగ్ మొదలవకుండానే రద్దు. దాంతో ప్లేఆఫ్ ఆశలు పోయాయి. టికెట్ అమ్మిన యాప్‌లో 'కన్వీనియెన్స్ ఫీజు' అని విడిగా వేశారు. క్యూలో గంటలు నిలబెట్టి, మూడుసార్లు బయటికి తోసేసి, చివరికి అడిగిన స్టాండ్ కాకుండా వేరేది చూపించినందుకు ఆ ఫీజు! బంతి పడింది కాబట్టి డబ్బు వాపసు లేదు. తడిసి ఇంటికొచ్చా.

జూన్ 5, గురువారం

బెంగళూరు. నిన్న 11 మంది చనిపోయారు.

పద్దెనిమిదేళ్లకు కప్పు గెలిచారు, మంగళవారం రాత్రి అహ్మదాబాద్‌లో. ఒక్క రాత్రి గడవకుండా, బుధవారం పొద్దున్నే సంబరానికి రండని జట్టు సోషల్ మీడియా పేజీల్లో పోస్టులు. మధ్యాహ్నానికి ఉచిత పాసుల సంగతి. 35 వేల మంది పట్టే చిన్నస్వామి దగ్గరికి రెండు మూడు లక్షల మంది వచ్చారని ముఖ్యమంత్రే అన్నారు. గేట్ల దగ్గర తొక్కిసలాట. పోయినవాళ్లలో చాలామంది ముప్పై దాటనివాళ్లు. ఎరుపు జెర్సీలలో.

రోజంతా పని చేయలేకపోయా. తప్పు ఎవరిదో విచారణలు తేలుస్తాయి, పోలీసులు, ప్రభుత్వం, జట్టు, అందరూ జవాబు చెప్పాలి. ఒక్క మాట మాత్రం నేను చెప్పగలను, ఎందుకంటే అలాంటి పోస్టు చూసి పరిగెత్తే మనిషిని నేనే. అంతటి జట్టు పేజీలో ఒక వాక్యం పెడితే లక్షలమంది కాళ్లు కదులుతాయి. గేట్లు ఎన్ని, పాసులు ఎన్ని, అనుమతి ఉందా లేదా చూసుకోకుండా ఆ వాక్యం పెట్టే హక్కు ఎవరికీ లేదు. వేగంగా పోస్టు పెట్టడమే గొప్ప అనే ఆలోచనను వదిలేయాలి.

ఆగస్టు 1, శుక్రవారం

సింధు టోక్యోలో కాంస్యం గెలిచిన రోజు ఇది, 2021లో. ఆ సాయంత్రం నా ఫోన్‌లో ఎన్ని అభినందనలు! బ్యాంకులు, మందుల కంపెనీలు, ఇంకా ఎవరెవరో. సింధు ఫొటో, పక్కన వాళ్ల లోగో. ఆమె వ్యవహారాలు చూసే బేస్‌లైన్ వెంచర్స్ అప్పుడు దాదాపు ఇరవై సంస్థలకు లీగల్ నోటీసులు పంపింది. మార్కెటింగ్‌లో దీన్ని 'మూమెంట్ మార్కెటింగ్' అంటారు. మా స్కూలు ఆయన చేయబోయిందీ అదే, కాకపోతే ఆయనది పది అడుగుల ఫ్లెక్సీ. తెల్లవారుజామున గచ్చిబౌలిలో షటిల్ కొట్టి కొట్టి సంపాదించుకున్న క్షణాన్ని, ఏళ్ల తరబడి ఒక్క రూపాయి పెట్టనివాళ్లు ఒక్క సాయంత్రంలో వాడేసుకోవడం దొంగతనమే.

ఇదే ఊళ్లో గోపీచంద్ ఉన్నారు. 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచాక కూల్‌డ్రింక్ ప్రకటనకు వచ్చిన డబ్బు వద్దన్నారు, తాను తాగనిది పిల్లలకు చెప్పనని. తర్వాత అకాడమీ కోసం ఇల్లు తాకట్టు పెట్టారు. ప్రకటనలు చేయడం తప్పు కాదు, ఆటగాడి కెరీర్ ఎంత చిన్నదో నాకు తెలుసు. కానీ వద్దనగలిగిన మనిషి మాటకు ఇవాళ్టికీ ఎంత బరువుందో చూడండి.

ఆగస్టు 25, సోమవారం

డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను కేంద్రం నిషేధించింది. పార్లమెంటులో గురువారం పాసైంది, శుక్రవారం రాష్ట్రపతి సంతకం. టీమిండియా జెర్సీ మీద డ్రీమ్11 పేరు ఇక ఉండదు. మూడేళ్లకు 358 కోట్ల ఒప్పందం మధ్యలోనే ఆగిపోయింది.

మనకు ఇందులో వేరే సంగతి ఉంది. తెలంగాణ 2017లోనే, ఆంధ్రప్రదేశ్ 2020లో ఇలాంటి ఆటలను నిషేధించాయి. మన దగ్గర ఆడకూడని ఆటకు, మన భాషలోనే, ప్రతి ఓవర్ మధ్యా ప్రకటన. చివర్లో హెచ్చరిక వాక్యాన్ని ఊపిరి తీసుకోకుండా చదివేసేవాళ్లు, ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. చెప్పేది ఎవరు? మనం గోడల మీద బొమ్మలు అతికించుకున్న ఆటగాళ్లే. మా షాపులో పనిచేసిన కుర్రాడు ఫోన్ లొకేషన్ మార్చి ఆడేవాడు. జీతం అడ్వాన్సులు తీసుకోవడం మొదలయ్యాక గానీ నాకు తెలియలేదు. అభిమానాన్ని తీసుకుని పందెంలో పెట్టించారు. ఈ చట్టం వల్ల ఉద్యోగాలు పోయినవాళ్ల గురించి బాధ ఉంది. చట్టం రావడం మాత్రం మంచిదే.

సెప్టెంబర్ 4, గురువారం

ఐపీఎల్ టికెట్ మీద జీఎస్టీ 28 నుంచి 40 శాతానికి పోయింది, ఈ నెల 22 నుంచి. వెయ్యి రూపాయల టికెట్ 1,280 అయ్యేది, ఇక 1,400. క్యాసినోలు, గుర్రప్పందేలు ఉన్న శ్లాబులో పెట్టారు మమ్మల్ని. దేశం ఆడే మ్యాచ్‌కు 18 శాతమే.

సెప్టెంబర్ 29, సోమవారం

నిన్న దుబాయ్‌లో ఆసియా కప్ ఫైనల్. పాకిస్థాన్ మీద తిలక్ వర్మ 69 నాటౌట్, చివరిదాకా నిలబడి గెలిపించాడు. మా హైదరాబాద్ పిల్లాడు.

ఈ టోర్నీ అంతా మనవాళ్ల జెర్సీ ముందు భాగంలో స్పాన్సర్ లేడు. నీలం మీద దేశం పేరు పెద్దగా కనిపించింది. పాత స్పాన్సర్ పోయి, కొత్తవాళ్లు ఇంకా ఎక్కని ఖాళీలో అలా జరిగిపోయింది. అపోలో టైర్స్ 2028 మార్చి వరకు 579 కోట్లకు ఒప్పందం చేసుకుంది, ఇకముందు వాళ్ల పేరు వస్తుంది. రావాల్సిందే, ఆ డబ్బు ఆటకు కావాలి. కానీ తిలక్ సిక్సర్ కొట్టి ఛాతీ విరిచిన ఫొటో స్పాన్సర్ లేని జెర్సీలో ఉండిపోయింది. షాపు గోడకు ఒకటి ప్రింట్ తీసి పెట్టుకున్నా, అమ్మకానికి కాదు.

అక్టోబర్ 6, సోమవారం

మన ఫుట్‌బాల్ జట్టు హైదరాబాద్ ఎఫ్‌సీ ఇక లేదు. స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అని పేరు మార్చుకుని వెళ్లిపోయింది.

గచ్చిబౌలి బాలయోగి స్టేడియం, పసుపు-నలుపు జెర్సీలు. 2019లో వచ్చిన జట్టు. 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్ మీద పెనాల్టీ షూటౌట్‌లో ఐఎస్‌ఎల్ గెలిచింది. ఆ రాత్రి గోల్‌కీపర్ కట్టిమణి ఆపిన కిక్‌లు ఇప్పుడూ యూట్యూబ్‌లో చూస్తుంటాను. ఫుట్‌బాల్‌కు ఈ ఊరు కొత్తేమీ కాదు. ఫుట్‌బాల్ కోచ్ రహీమ్ సాబ్ ఊరు ఇది. ఆ గెలుపుతో పాత రోజులు తిరిగొస్తాయనుకున్నాం. ఏడాదిన్నరకే జీతాల బకాయిలు, ఆటగాళ్లు ఒక్కొక్కరుగా వెళ్లిపోవడం. ఇప్పుడు ఇది.

ఇలా జరగడం మనకు రెండోసారి. డెక్కన్ చార్జర్స్‌ను 2008లో డెక్కన్ క్రానికల్ 10.7 కోట్ల డాలర్లకు కొంది. లక్ష్మణ్ జట్టుకు డబ్బు మిగలాలని ఐకాన్ ఆటగాడి హోదానే వదులుకున్నాడు. మొదటి ఏడాది అట్టడుగు. రెండో ఏడాది రంగు మార్చి, గిల్‌క్రిస్ట్‌ను కెప్టెన్ చేసి, 2009 మే 24న జొహానెస్‌బర్గ్‌లో బెంగళూరును ఆరు పరుగులతో ఓడించి కప్పు గెలిచారు. 2012లో అప్పుల్లో మునిగి జట్టే రద్దయింది. సన్ టీవీ ఏడాదికి 85.05 కోట్లకు కొత్త జట్టు తీసుకుంది. పేరు కొత్తది, రంగు కొత్తది, ఎద్దు పోయి గద్ద వచ్చింది. 2009 కప్పు ఎవరిది? సన్‌రైజర్స్ లెక్కలో అది లేదు. చార్జర్స్ లేరు. ఆ రాత్రి తెల్లారేదాకా ట్యాంక్‌బండ్ మీద తిరిగిన మా దగ్గరే ఉంది.

న్యాయంగా ఇంకో మాట కూడా రాయాలి. హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చింది పుణె జట్టు మూతపడ్డ చోటులోకి. అప్పుడు పుణెలో ఎవరో నాలాగే కూర్చుని ఉంటారు. నాకు ఆ రోజు వాళ్లు గుర్తుకు రాలేదు.

జర్మనీలో 50+1 అనే నియమం ఉంది. క్లబ్‌లో సగానికి మించిన ఓట్లు సభ్యుల చేతిలోనే ఉండాలి. కొద్దిపాటి మినహాయింపులు తప్ప, ఎంత పెద్ద కంపెనీ వచ్చినా క్లబ్‌ను మూటగట్టుకుని వేరే ఊరు పోలేదు. ఇంగ్లండ్‌లో వింబుల్డన్ జట్టును మిల్టన్ కీన్స్‌కు తరలిస్తుంటే, అభిమానులు 2002లో సొంతంగా ఏఎఫ్‌సీ వింబుల్డన్ పెట్టుకుని కింది మెట్టు నుంచి పైకి తెచ్చుకున్నారు. మన లీగ్‌ల్లో అభిమానికి ఓటు లేదు, వాటా లేదు, కనీసం ముందుగా చెప్పే మర్యాద కూడా లేదు. ఊరి పేరు వాడుకునేవాళ్లు ఆ ఊరి జనానికి కాస్తయినా జవాబుదారీగా ఉండాలని ఒక్క నియమం పెట్టలేమా?

అక్టోబర్ 12, ఆదివారం

విశాఖ స్టేడియంలో ఒక స్టాండ్‌కు మిథాలీ రాజ్ పేరు, ఒక గేటుకు వికెట్‌కీపర్ రావి కల్పన పేరు పెట్టారు. మహిళల ప్రపంచకప్‌లో ఇవాళ ఆస్ట్రేలియాతో అక్కడే మ్యాచ్. ఓడాం కానీ స్టేడియం నిండింది. స్టాండ్ పేర్లు స్పాన్సర్లకు అమ్ముడుపోయే కాలంలో ఆ రెండు పేర్లు చూసి కడుపు నిండింది.

నవంబర్ 28, శుక్రవారం

ఈ నెల 2న మన అమ్మాయిలు ప్రపంచకప్ గెలిచారు. కడప జిల్లా శ్రీచరణి టోర్నీలో 14 వికెట్లు తీసింది. నిన్న డబ్ల్యూపీఎల్ వేలంలో ఢిల్లీ ఆమెను 1.30 కోట్లకు తీసుకుంది. సంతోషం. కానీ ఆమెను సొంత జట్టులో చూసే వీలు మనకు లేదు. 2023లో బీసీసీఐ ఐదు మహిళల జట్లను 4,669.99 కోట్లకు అమ్మింది. ముంబై, ఢిల్లీ, బెంగళూరు, గుజరాత్, యూపీ. తెలుగు నేల మీద ఒక్కటీ లేదు. మిథాలీ పెరిగిన ఊరికీ లేదు, మ్యాచ్‌కు స్టేడియం నింపిన విశాఖకూ లేదు.

షాపులో మా అమ్మాయి శ్రీచరణి పోస్టర్ అడిగింది. జెర్సీ ఏ రంగు వెయ్యమంటావమ్మా అంటే కాసేపు ఆలోచించి టీమిండియా నీలం అంది.

హైదరాబాద్‌కో విశాఖకో ఒక మహిళల జట్టు కావాలి. డబ్బున్న తెలుగు సంస్థలు చాలానే ఉన్నాయి, ఢిల్లీ దాకా వెళ్లి జట్టు కొన్నది ఒకటి వాటిలో ఉంది. ఇది చదివేవాళ్లలో క్రికెట్ సంఘాల మనుషులు ఉంటే అక్కడ అడగండి. లేనివాళ్లు వచ్చే సీజన్లో ఏ స్టాండ్‌లో కూర్చుంటే అక్కడ అట్టముక్క మీద రాసి పట్టుకోండి. కెమెరా మన వైపు ఎలాగూ తిరుగుతుంది.